ఏ అలకు ఏ బోర్డు: తిరుపతి నుంచి సర్ఫింగ్‌కు వెళ్లేవాళ్ల కోసం

తిరుపతిలో తెల్లవారుజామున రెండింటికి కారు తీస్తే, పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై దాటి ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎక్కి, కోవళం చేరేసరికి ఆరవుతుంది. ఎండ ముదిరి సముద్రం మీద నుంచి గాలి మొదలయ్యేలోపు మనకు దొరికేది రెండు గంటలు, బాగుంటే మూడు. మళ్లీ రావడానికి కనీసం రెండు వారాలు పడుతుంది. ఆ రెండు గంటల్లో ఎన్ని అలలు పట్టామన్నది మన ఒంట్లో సత్తువ కన్నా, ఆ పొద్దున చంకన పెట్టుకుని వెళ్లిన బోర్డు మీదే ఎక్కువ ఆధారపడుతుందని నాకు నాలుగేళ్ల తర్వాత గాని అర్థం కాలేదు. మీకు అంతకాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

నా మొదటి బోర్డు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 5 అడుగుల 11 అంగుళాల షార్ట్‌బోర్డు, ఘనపరిమాణం 27 లీటర్లు. అప్పుడు నా బరువు 74 కిలోలు. "మీ ఎత్తుకు సరిగ్గా సరిపోతుంది" అన్నాడు అమ్మినాయన. బోర్డును మనిషి ఎత్తుతో కొలవకూడదని అప్పటికి నాకు తెలియదు. ఒక సీజనంతా ప్రతి అల నా కిందినుంచి జారిపోయింది. చేతులు పడిపోయేలా పాడిల్ చేసినా, అంటే బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసినా, బోర్డు వేగం అందుకునేది కాదు. చివరికి కోవళంలో నేర్పే కుర్రాడొకడు నా బోర్డు చూసి ఒకే మాట అడిగాడు: "అన్నా, నెలకు ఎన్ని రోజులు నీళ్లలో ఉంటారు?" రెండు రోజులన్నాను. లోపలికెళ్లి ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డు తెచ్చి ఇసుకలో పెట్టాడు. ఆ పొద్దున నేను నిలబడిన అలలు, అంతకుముందు సీజనంతా నిలబడిన వాటికన్నా ఎక్కువ.

ఇంట్లో ఉండగానే చూసుకోవాల్సినవి

శుక్రవారం సాయంత్రం సముద్రం అంచనా చూడండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, మన తీరాలకు అలల అంచనాలు ఇస్తుంది. సర్ఫింగ్ యాప్‌లూ ఉన్నాయి. వాటిలో చాలా అంకెలు కనిపిస్తాయి గాని మనకు కావాల్సినవి మూడే: అల ఎత్తు, పీరియడ్, గాలి.

ఎత్తు ఒక్కటే చూసి బయల్దేరే వాళ్లే ఎక్కువ. నిజానికి ముందు చూడాల్సింది పీరియడ్. ఒక అల వెళ్లాక తర్వాతి అల రావడానికి పట్టే సెకన్లే పీరియడ్. 5, 6 సెకన్లు ఉందంటే అది దగ్గర్లో గాలి రేపిన అల. ఒకదాని మీద ఒకటి పడుతూ, బలం లేకుండా, గజిబిజిగా వస్తుంది. 11, 12 సెకన్లు ఉందంటే ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను పుట్టించిన అల. వేల కిలోమీటర్లు ప్రయాణించి, వరుసలు కట్టి వస్తుంది. రెండూ మీటరు ఎత్తే అయినా, 12 సెకన్ల అల మోసుకొచ్చే శక్తి 6 సెకన్ల అలకు రెట్టింపు. పైగా అది లోతు తక్కువైన చోటికి వచ్చేసరికి ఇంకాస్త పైకి లేస్తుంది. కాబట్టి "ఒక మీటరు" అన్న అంకె చూసి ఏ బోర్డు తీసుకోవాలో తేల్చుకోలేం. "ఒక మీటరు, 12 సెకన్లు" అంటే తేల్చుకోగలం.

ఇక గాలి. నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంటే అల ముఖం నున్నగా నిలబడుతుంది. సముద్రం వైపు నుంచి వీస్తే అల నలిగి ముందే కూలిపోతుంది. మన తూర్పు తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల పొద్దున పూట గాలి నేల వైపు నుంచే వస్తుంది. రెండు గంటలకే కారు తీయడం అందుకే.

ఇంకో మాట. ఇన్‌కాయిస్ అప్పుడప్పుడు ఉప్పెన అలల హెచ్చరిక ఇస్తుంది. మలయాళంలో దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగలా వచ్చే సముద్రం అని. ఇక్కడ గాలీ వానా ఏమీ లేకుండానే ఉన్నట్టుండి సముద్రం ఒడ్డు మీదికి వస్తుంది. ఆ హెచ్చరిక కనిపించిన వారం ప్రయాణం మానుకోండి. దానికి తగిన బోర్డంటూ మనబోటి వాళ్లకు లేదు.

ఒడ్డున పదిహేను నిమిషాలు

చేరగానే నీళ్లలోకి పరిగెత్తొద్దు. నాలుగు గంటలు కారులో కూర్చుని వచ్చాక ఆగడం కష్టమే. అయినా ఇసుకలో కూర్చోండి. పూట మొత్తంలో అన్నిటికన్నా విలువైనవి ఈ పదిహేను నిమిషాలే.

ముందు ఎత్తు. దాన్ని మీటర్లలో కాక మనిషితో కొలవండి. అలల దగ్గర ఎవరైనా నిలబడి ఉంటే వాళ్లను చూసి, మోకాలెత్తా, నడుమెత్తా, గుండెలెత్తా, తలెత్తా అని మనసులో అనుకోండి. ఒడ్డు నుంచి చూస్తే అల ఎప్పుడూ ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తుంది. నడుమెత్తు అనిపించింది లోపలికెళ్తే గుండెలెత్తుంటుంది.

తర్వాత ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, అలలు విరిగే చోట ఒక అల దాటినప్పుడు మొదలుపెట్టి, ఆ తర్వాతి పదో అల దాటేదాకా పట్టిన సమయం చూసి పదితో భాగించండి. యాప్ చెప్పిన పీరియడ్ నిజమో కాదో అక్కడే తేలిపోతుంది. పెద్ద అలలు గుంపుగా వస్తాయి. ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ మధ్య ఎన్ని నిమిషాల విరామం ఉందో కూడా గమనించండి. లోపలికి వెళ్లాల్సింది ఆ విరామంలోనే.

ఆ తర్వాత అల ఎలా విరుగుతోందో చూడాలి. మన ఊరివాళ్లకు దీన్ని నేను కొండ మెట్లతో చెబుతాను. అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. చాలా దూరం మెల్లగా ఎక్కుతుంది, మధ్యలో చదునుగా నడిచే చోట్లుంటాయి. శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, 2,388 మెట్లు. ఎక్కడం మొదలైతే నిట్టనిలువే. అలలూ అంతే. నేల మెల్లగా పైకి లేచే తీరంలో అల అలిపిరి దారిలా వాలుగా వచ్చి, కొసన నురుగు జారుతూ, నెమ్మదిగా విరుగుతుంది. నేల ఒక్కసారిగా లేచే చోట, రాళ్ల దగ్గర, ఇసుక దిబ్బ మీద, శ్రీవారి మెట్టులా నిలువుగా లేచి ముందుకు పడుతుంది. సుమారుగా చెప్పాలంటే నీటి లోతు అల ఎత్తుకు ఒకటింపావు రెట్లకు తగ్గగానే అల విరుగుతుంది. అందుకే నిలువుగా పడే అల కింద నీళ్లు ఎప్పుడూ తక్కువే. తల జాగ్రత్త.

మూడో రకం ఇంకొకటుంది. ఒక చివర నుంచి విరుగుతూ పోకుండా, ఈ కొస నుంచి ఆ కొస దాకా గోడ కూలినట్టు ఒకేసారి పడిపోతుంది. ఆ అల మీద ఏ బోర్డుతోనూ పక్కకు వెళ్లలేం. పక్క బీచ్‌కు నడవండి. కొన్నిసార్లు అర కిలోమీటరు దూరంలోనే వేరే సముద్రంలా ఉంటుంది.

బోర్డు మీద రాసిన అంకెలు

బోర్డు అడుగున మధ్యలో పెన్సిల్‌తో గాని ముద్రగా గాని నాలుగు అంకెలుంటాయి: పొడవు, వెడల్పు, మందం, లీటర్లు. మనకు ముఖ్యమైనది లీటర్లు. బోర్డు ఎంత నీటిని తోసి తేలుతుందో అదే చెబుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు బరువు ఎన్ని కిలోలో కనీసం అన్ని లీటర్లు కావాలి. ఒడుపు వచ్చి తరచూ వెళ్లేవాళ్లకు బరువులో సగం నుంచి అరవై శాతం సరిపోతుంది. పోటీల్లో ఆడేవాళ్లు నలభై శాతానికి, అంతకన్నా కిందికీ పోతారు.

ఇది వారానికి నాలుగు రోజులు నీళ్లలో ఉండేవాళ్ల లెక్క. రెండు వారాలకోసారి వెళ్లే మనకు భుజాలు అంత గట్టిపడవు, అల ఎక్కడ లేస్తుందో పసిగట్టే కన్నూ అంత తొందరగా రాదు. అందుకని నిలబడడం, పక్కకు తిప్పడం బాగా వచ్చాక కూడా, బరువులో మూడింట రెండొంతులకు తగ్గొద్దని నా సలహా. 70 కిలోల మనిషికి అది 47 లీటర్ల దాకా వస్తుంది. బోర్డులు అమ్మేవాళ్లు కొంచెం తక్కువే చెబుతారు. వినకండి.

లీటర్ల తర్వాత వంపు. బోర్డును చదునైన నేల మీద బోర్లా కాకుండా మామూలుగా పెట్టి, పక్కన కూర్చుని చూడండి. ముందు మొన నేలకు ఎంత ఎత్తులో ఉంది? దాదాపు చదునుగా ఉంటే అది నీటి మీద తేలిగ్గా జారుతుంది, బలంలేని అలను కూడా పట్టుకుంటుంది. కానీ నిలువు అల మీద మొన నీళ్లలో గుచ్చుకుని మిమ్మల్ని ముందుకు విసిరేస్తుంది. మొన బాగా పైకి లేచి ఉంటే నిలువు అలలోకి చక్కగా దిగుతుంది. చిన్న అల మీద మాత్రం ముందుకు కదలనంటుంది. మీకు సరిపడే బోర్డు ఏదో తేల్చడంలో సగం పని ఈ వంపు చూడటంతోనే అయిపోతుంది.

చూసిన అలకు తగ్గ బోర్డు

మోకాలు నుంచి నడుము దాకా, మెల్లగా విరిగే అలలైతే లాంగ్‌బోర్డు తీసుకోండి. తొమ్మిదడుగులు, అంతకు పైన. మొన గుండ్రంగా, వెడల్పుగా, చదునుగా ఉంటుంది. అల ఇంకా విరగకముందే, మెత్తని వాలుగా ఉన్నప్పుడే దాన్ని అందుకుంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన తీరంలో సముద్రం ఎక్కువగా ఇలాగే ఉంటుంది. షార్ట్‌బోర్డు వాళ్లు ఒడ్డున కూర్చుని నిట్టూరుస్తుంటే, లాంగ్‌బోర్డు మీద పెద్దాయన ఒకరు అల తర్వాత అల పట్టుకుంటూ తీరం దాకా వచ్చేయడం మీరే చూస్తారు.

లాంగ్‌బోర్డుతో ఒక ఇబ్బంది ఉంది. ఎదురొచ్చే నురుగు అల కిందికి దాన్ని ముంచి దాటలేం, అంత తేలుతుంది. అందుకే అల ముట్టడానికి ముందు రెండు అంచులూ గట్టిగా పట్టుకుని, బోర్డుతో సహా తాబేలు తిరగబడినట్టు వెల్లకిలా తిరిగిపోవాలి. బోర్డు పైన, మీరు కింద. అల దాటాక మళ్లీ పైకి తిరగాలి. ఇది రానంతవరకు గుండెలెత్తు అలల రోజున లాంగ్‌బోర్డుతో లోపలికి వెళ్లొద్దు. చేతిలోంచి జారిన తొమ్మిదడుగుల బోర్డు, వెనక ఉన్నవాళ్ల ముఖాలు పగలగొట్టగలదు.

నేర్చుకుంటున్నారా? అలా అయితే అల ఏదైనా ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డే. అదీ నడుము లోతులో, విరిగి వచ్చే తెల్ల నురుగులోనే. పైన మెత్తగా ఉంటుంది కాబట్టి తగిలినా పెద్ద దెబ్బ కాదు. దీన్ని పిల్లల బోర్డని చిన్నచూపు చూడకండి.

నడుము నుంచి గుండెల దాకా, కొంచెం బలం ఉన్న అలలకు ఏడడుగుల నుంచి ఏడున్నర అడుగుల మిడ్‌లెంగ్త్. నా మనసంతా దీని మీదే. లాంగ్‌బోర్డులా అల పడుతుంది, పట్టాక షార్ట్‌బోర్డులో సగమైనా తిరుగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొద్దున పూట కోవళంలోనో మహాబలిపురంలోనో దొరికే అలల్లో చాలావాటికి ఇది సరిపోతుంది. తిరుపతిలో ఉంటూ ఒకే ఒక్క బోర్డు కొనుక్కోగలిగితే ఇదే కొనండి. మొదటి ఫోమ్ బోర్డును అద్దెకు తీసుకుని, ఆ డబ్బు దీనికి దాచుకోండి.

అదే ఎత్తుండి బలం లేకుండా, గాలికి కాస్త నలిగిన రోజులకు ఫిష్ అనే పొట్టి బోర్డుంది. తోక చేప తోకలా రెండుగా చీలి ఉంటుంది, అడుగున చేప రెక్కల్లాంటి రెండు ఫిన్లు. ఐదున్నర నుంచి ఆరడుగులే ఉన్నా వెడల్పు, చదును వల్ల వేగంగా జారుతుంది. నిలబడడం పూర్తిగా వచ్చాక దీన్ని చూడండి.

గుండెలెత్తు దాటి, నిలువుగా లేచి, శుభ్రంగా విరిగే అలలకే షార్ట్‌బోర్డు. ఇప్పుడు అందరూ వాడే మూడు ఫిన్ల అమరికను 1981లో ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ ఆండర్సన్ పోటీల్లో గెలిచి నిలబెట్టాడు. నిలువు అల మీద పట్టు తప్పకుండా పదునుగా తిరగడానికి అది పుట్టింది. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ ఛాంపియన్‌షిప్‌లో భారత సర్ఫర్ రమేశ్ బుదిహాల్ కాంస్యం గెలిచినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత చాలామంది కొత్తవాళ్లు అలాంటి బోర్డే కావాలని అడగడం కూడా చూశాను. ఆయన చేతిలో ఆ బోర్డు అంత అందంగా కదలడం వెనక రోజూ సముద్రంలో గడిపిన ఏళ్లున్నాయి. మనం అక్కడికి చేరే దారి పెద్ద బోర్డు మీద నుంచే వెళ్తుంది.

తలెత్తును బాగా దాటిన మరీ పెద్ద అలలకు గన్ అనే పొడవాటి సన్నని బోర్డులు వాడతారు. తలెత్తు దాటిన రోజున మీరు ఒడ్డునే ఉండి చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో గాలి సముద్రం మీద నుంచి వస్తుంది, వాయుగుండాలు పుడతాయి, నీళ్లు బురదగా గజిబిజిగా మారతాయి. ఆ నెలల్లో నేను ఇంటి మిద్దె మీద చాప పరచి పాప్-అప్ సాధన చేస్తాను. పడుకుని ఉన్నవాడు ఒక్క ఊపులో రెండు కాళ్ల మీదికి రావాలి, రోజుకు ముప్ఫైసార్లు.

లోపలికి వెళ్లాక తప్పనిపిస్తే

అరగంట గడిచినా ఒక్క అల కూడా పట్టలేకపోతే మొండిగా కూర్చోకండి. అల మీ కిందినుంచి జారిపోతోందంటే బోర్డు చిన్నది. పట్టగానే మొన గుచ్చుకుంటోందంటే, ఆ అలకు బోర్డు మరీ పొడవు, మరీ చదును, లేదా మీరు మరీ ముందుకు పడుకున్నారు. ముందు నాలుగు అంగుళాలు వెనక్కి జరిగి చూడండి. అప్పటికీ కాకపోతే ఒడ్డుకొచ్చి బోర్డు మార్చండి. కోవళం, మహాబలిపురం సర్ఫ్ స్కూళ్లలో బోర్డులు అద్దెకిస్తారు. ఒకే పొద్దున రెండు రకాలు వాడి చూడటం కన్నా మంచి పాఠం లేదు. లీష్, అంటే బోర్డును కాలికి కట్టే తాడు, మాత్రం దాదాపు బోర్డంత పొడవుండాలి, ఎప్పుడూ కాలికి ఉండాలి.

మన ఎండలో బోర్డు

ఇది తీరంలో ఉండేవాళ్లెవరూ మనకు చెప్పరు. తిరుపతి మే నెల ఎండ బోర్డును అల కన్నా త్వరగా చంపుతుంది. అద్దాలు మూసిన కారులో, రేకుల షెడ్డులో, మిద్దె మీద గదిలో పెడితే లోపలి ఫోమ్ వేడెక్కి గాలి ఉబ్బి, పై పొర బొబ్బలా లేస్తుంది. ఒకసారి లేచిందంటే నీళ్లు లోపలికి పోతాయి. కింది అంతస్తులో, మంచం కిందో, ఎండ పడని గోడకు అడ్డంగానో పెట్టండి. కాళ్లు జారకుండా బోర్డు పైన రాసే వ్యాక్స్ కొనేటప్పుడు ట్రాపికల్ అని రాసి ఉన్నదే తీసుకోండి. అయినా సరే కారు పైన కట్టిన బోర్డు వ్యాక్స్ వైపు ఎండకు ఉంటే నగరి చేరేసరికి అది కరిగి కవరంతా నూనెలా అంటుకుంటుంది. వ్యాక్స్ వైపు కిందికి, ఫిన్లు పైకి, తోక ముందుకు పెట్టి కట్టండి. పట్టీని ఒక మెలిక తిప్పి బిగిస్తే గాలికి బుర్రుమని మోగదు.

చివరగా ఒక చిన్న నోట్‌బుక్ కారులో పెట్టుకోండి. ఒడ్డుకు రాగానే, తల తుడుచుకోకముందే ఐదు ముక్కలు రాయండి: తేదీ, అల ఎత్తు, పీరియడ్, బోర్డు, ఎన్ని పట్టారు. నా పుస్తకంలో ఒక జూలై పేజీ ఇలా ఉంది: "నడుమెత్తు. 11 సెకన్లు. గాలి నేల వైపు నుంచి. 7 అడుగుల 2 అంగుళాల బోర్డు. పద్నాలుగు అలలు." దాని కింది పేజీలో రెండు వారాల తర్వాత: "నడుమెత్తు. 6 సెకన్లు. అదే బోర్డు. మూడు. లాంగ్‌బోర్డు తేవాల్సింది." ఆ తర్వాత శుక్రవారం సాయంత్రం యాప్‌లో 6 సెకన్లు కనిపిస్తే, కారు మీదికి ఏది ఎక్కించాలో నేను ఇక ఆలోచించలేదు.